టిఫిన్ బల్ల మీద అరకు

హైదరాబాద్‌లోనో విశాఖలోనో కొత్తగా వెలిసిన కేఫ్‌లోకి పొద్దున ఎనిమిదింటికి అడుగుపెడితే కాలం అరవై, డెబ్భై ఏళ్లు వెనక్కి జరిగినట్టుంటుంది. గోడల నిండా నలుపు తెలుపు ఫొటోలు. మూలన మర్ఫీ రేడియో, దాని పక్కన మీటలు అరిగిపోయిన టైపురైటరు. నల్ల తెల్ల గళ్ల నేల, పాలరాతి బల్ల, వంపు తిరిగిన చెక్క కుర్చీ. కౌంటరు మీద ఇత్తడి ఫిల్టరు, చేత్తో తిప్పే కాఫీ మర. బల్ల మీదికొచ్చే టిఫిను మాత్రం ఈ కాలానిదే. వెన్న రాసి కాల్చిన బ్రెడ్డు, ఆమ్లెట్టు, అవకాడో ముక్కలు, కొన్నిచోట్ల నేతి ఇడ్లీ, ఉల్లి పెసరట్టు. కాఫీల పట్టికలో ఇథియోపియా, కొలంబియా, చిక్కమగళూరు పేర్ల కింద ఇంకో ఊరి పేరు ఉంటుంది. అరకు.

అలంకరణ కోసం కొనితెచ్చింది కాకుండా ఆ గదిలో సొంత చరిత్ర ఉన్నదేదైనా ఉందంటే ఆ పేరే. తూర్పు కనుమల్లో తొలి కాఫీ మొక్క నాటి నూట పాతికేళ్లు దాటింది. ఆ నూట పాతికేళ్లలో అడవి చట్టాలున్నాయి, తిరుగుబాటుంది, పోడు చేను మీద పోరాటముంది, సంతలో దళారీ కాటా ఉంది, సుప్రీంకోర్టు తీర్పు ఉంది. పారిస్‌లో బంగారు పతకమూ ఉంది. పాతకాలమంటే అంత ఇష్టపడే కేఫ్‌లు ఈ పాతకాలాన్ని గోడకెక్కించడం మరిచిపోయాయి. ఆ లోటును పూరించాల్సిన సమయం ఇదే.

కుర్చీ ఎక్కడిది, కాఫీ ఎక్కడిది

కేఫ్‌లో కూర్చునే ఆ వంపు చెక్క కుర్చీకి పుట్టిన తేదీ ఉంది. 1859లో ఆస్ట్రియాలో మైకేల్ టోనెట్ సంస్థ తయారుచేసిన 14వ నంబరు కుర్చీ అది. బీచ్ చెక్కకు ఆవిరి పట్టి వంచుతారు. ఆరు చెక్క ముక్కలు, పది మరలు, రెండు నట్లు, అంతే. విడదీస్తే 36 కుర్చీలు ఒక ఘనమీటరు పెట్టెలో ఒదిగిపోతాయి. వియన్నా కాఫీ హోటళ్ల నుంచి ఓడలెక్కి లోకమంతా తిరిగిన ఆ నమూనా బొంబాయి, హైదరాబాద్ ఇరానీ హోటళ్లలోనూ కుదురుకుంది. హైదరాబాద్ ఆబిడ్స్‌లో గ్రాండ్ హోటల్ 1935 నాటిది. చార్మినార్ పక్కనున్న నిమ్రా కేఫ్ 1993లో వచ్చింది. అయినా అక్కడ చాయ్, ఉస్మానియా బిస్కెట్ల పొద్దుటి సందడి చూస్తే వందేళ్ల నాటిదనిపిస్తుంది.

ఇరానీ హోటలు చాయ్‌ది. కాఫీకి మన దేశంలో వేరే వంశవృక్షం ఉంది. యెమెన్ నుంచి బాబా బుడన్ ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటాడన్న గాథ అందరూ విన్నదే. అంతకంటే ఆసక్తికరమైన కథ ఇండియన్ కాఫీ హౌస్‌ది. 1936లో కాఫీ సెస్ కమిటీ బొంబాయిలో తొలి కాఫీ హౌస్ తెరిచింది. ఊరూరా శాఖలు వచ్చాయి. 1950లలో కాఫీ బోర్డు వాటిని మూసేస్తుంటే వీధిన పడ్డ వెయిటర్లు, వంటవాళ్లు కమ్యూనిస్టు నాయకుడు ఏ.కె.గోపాలన్ అండతో సహకార సంఘాలు పెట్టుకున్నారు. 1957 నుంచి వాటిని తామే నడుపుకుంటున్నారు. కప్పు అందించే చెయ్యే యజమాని అయిన అరుదైన సందర్భం అది. సరిగ్గా 50 ఏళ్ల తర్వాత, 2007లో, అరకులో పండించే చేతులు కూడా అదే దారి పట్టాయి. ఆ సంగతి తర్వాత చూద్దాం.

అసలు ‘అరకు’ అన్న పేరు పట్టికలోకి ఇంత ఆలస్యంగా ఎందుకొచ్చింది? కారణం మార్కెట్టు ఏర్పాటులో ఉంది. 1942 కాఫీ చట్టం కింద దేశంలో పండిన కాఫీ అంతా బోర్డు పూల్‌లోకి వెళ్లేది. కూర్గు గింజా, వయనాడు గింజా, మన్యం గింజా అక్కడ కలిసేవి. రకాన్ని బట్టి, సైజును బట్టి గ్రేడు ఉండేది తప్ప ఏ కొండ, ఏ ఊరు అన్నది తాగేవాడి దాకా వచ్చేది కాదు. ఆ పద్ధతి 1990లలో సడలుతూ వచ్చి 1996 నాటికి ముగిసింది. రైతు నేరుగా అమ్ముకునే వీలు దొరికింది. ఊరి పేరుతో కాఫీ అమ్మడమన్న ఆలోచనకు అప్పుడే తలుపు తెరుచుకుంది. కాబట్టి కేఫ్ పట్టికలో అరకు పేరు వయసు చిన్నది. కొండ మీద మొక్క వయసు చాలా పెద్దది.

అడవి చట్టం వెనకాలే వచ్చిన మొక్క

1898లో ఎన్.ఎస్.బ్రోడీ అనే బ్రిటిష్ అధికారి మారేడుమిల్లి దారిలోని పాములేరు లోయలో కాఫీ నాటించాడు. తూర్పు కనుమల కాఫీ చరిత్ర అక్కణ్నుంచే మొదలుపెడతారు. ఆ మొక్క వచ్చిన కాలాన్ని కూడా గుర్తుపెట్టుకోవాలి. అప్పటికి 16 ఏళ్ల కిందటే, 1882లో, మద్రాసు అటవీ చట్టం వచ్చింది. తరతరాలుగా పోడు కొట్టుకుని చోళ్లు (రాగులు), సామలు పండించుకున్న జనానికి వాళ్ల అడవిలోనే అడ్డుగీతలు పడ్డాయి. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు ఘాట్‌రోడ్డు పనులకు మన్యం మనుషుల్ని బలవంతంగా తోలారు. ఆ కడుపుమంటే 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద అల్లూరి సీతారామరాజు దాడిగా బద్దలైంది. ఆ మర్నాడు కృష్ణదేవిపేట, ఆ తర్వాతి రోజు రాజవొమ్మంగి. ఇప్పుడు అరకు, పాడేరు, చింతపల్లి ఉన్న జిల్లాకు ఆయన పేరే. 2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా ఆ జిల్లా ఏర్పడింది.

కేఫ్ గోడల మీద దొరల కాలపు ఫొటోలు చాలా కనిపిస్తాయి. టోపీ పెట్టుకున్న అధికారి, గుర్రబ్బండి, తోటలో టీ బల్ల. అదే కాలం మన్యానికి ఇలా గడిచింది. రెండూ ఒకే కాలపు బొమ్మలు. ఒకటే గోడకెక్కితే సగం చరిత్రే వేలాడుతున్నట్టు.

స్వాతంత్ర్యం వచ్చాక కాఫీ పుంజుకుంది. 1956లో విశాఖ కేంద్రంగా గిరిజన సహకార సంస్థ, అందరూ జీసీసీ అనే సంస్థ, పుట్టింది. 1960ల్లో అటవీ శాఖ రిజర్వు అడవుల్లో కాఫీ తోటలు వేసింది. చింతపల్లి దగ్గర ఆర్.వి.నగర్‌లో కాఫీ బోర్డు పరిశోధన కేంద్రం వెలిసింది. తర్వాత పాడేరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) గిరిజన రైతుల సొంత భూముల్లోనూ కాఫీ వేయించడం మొదలుపెట్టింది. పోడు వల్ల బోడిగా మారిన వాలుల్లో ముందు సిల్వర్ ఓక్ నాటడం, దాని నీడలో కాఫీ పెట్టడం, సిల్వర్ ఓక్ మానుకు మిరియాల తీగ పాకించడం. ఒకే చేలో మూడు రాబడులు. నేడు పాడేరు ఐటీడీఏ పరిధిలోని 11 మండలాల్లో రెండు లక్షలకు పైగా ఎకరాల్లో కాఫీ ఉంది. దాని మీద ఆధారపడ్డ కుటుంబాలూ లక్షల్లోనే ఉన్నాయి. బగత, వాల్మీకి, కొండదొర, కోటియ, కోందు, పోర్జ, గదబ, ఇలా ఎన్నో తెగలు.

కర్ణాటకలో కాఫీ అంటే ముందు ఎస్టేటు గుర్తొస్తుంది. వందల ఎకరాలు, ఒక యజమాని, కూలీల లైన్లు. అరకులో ఎకరం, రెండెకరాల రైతే యజమాని. ఈ తేడా గాలివాటుగా వచ్చింది కాదు. 1970 నాటి ఒకటో నంబరు భూబదలాయింపు నిబంధన, జనం నోట 1/70 చట్టం, ఏజెన్సీ భూమిని గిరిజనేతరులకు బదలాయించడాన్ని నిషేధించింది. ఆ తర్వాత బొర్రా ప్రాంతంలో గనుల లీజుల మీద సమత సంస్థ వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు షెడ్యూల్డు ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు మైనింగు లీజులివ్వడం చెల్లదని తీర్పు చెప్పింది. ఆ రెండూ లేకపోతే ఈ కొండల్లో కొంత గనిగా, కొంత రిసార్టుగా, మిగిలింది ఎవరో ఒకరి ఎస్టేటుగా మారి ఉండేది. అరకు కాఫీకి రుచి ఎత్తు నుంచి, చలి నుంచి, నీడ నుంచి వచ్చిందని నిపుణులు చెబుతారు. దాని విలువ మాత్రం ఈ చట్టాల నుంచి కూడా వచ్చింది. ఈ మాట కాఫీ పొట్లాల మీద ఎక్కడా రాయరు కాబట్టి ఇక్కడ గట్టిగా చెప్పుకోవాలి.

పండు నుంచి గింజ దాకా

మార్చి, ఏప్రిల్ నెలల్లో నాలుగు చినుకులు పడ్డాక కాఫీ కొమ్మలు తెల్లబడతాయి. మల్లెను తలపించే వాసన. ఆ పువ్వు నిలిచేది కొద్ది రోజులే. కాయ పండడానికి మాత్రం ఎనిమిది, తొమ్మిది నెలలు పడుతుంది. నవంబరులో మొదలయ్యే కోత జనవరి దాటి సాగుతుంది. ఒకే కొమ్మ మీద పచ్చకాయ, దోరకాయ, ఎర్రపండు పక్కపక్కనే ఉంటాయి. కొమ్మను పిడికిట పట్టి దూసేస్తే పని గంటలో అయిపోతుంది, రుచి పోతుంది. ఎర్రపండ్లనే ఏరాలి. అదే మొక్క దగ్గరికి మూడు నాలుగు విడతలు రావాలి.

పండిన కాఫీ పండును బొటనవేలు, చూపుడువేలు మధ్య నొక్కితే తొక్క చిట్లి రెండు గింజలు జారి బయటపడతాయి. వాటి చుట్టూ తియ్యటి జిగురు. వేళ్లకు అంటుకుని ఒక పట్టాన వదలదు. ఆ జిగురే అసలు పరీక్ష. పండ్లను ముందు నీళ్లలో పోస్తారు. తేలినవి తాలు, తీసేస్తారు. మునిగినవి పల్పింగ్ మిషనులో పడితే తొక్క ఒకవైపు, గింజ ఒకవైపు. జిగురు గింజల్ని తొట్టిలో ఒక రాత్రి, కొన్నిసార్లు ఒకటిన్నర రోజు పులియనిస్తారు. పులియడం తక్కువైతే జిగురు పోదు, ఎక్కువైతే కాఫీకి వెనిగరు వాసన పడుతుంది. గుప్పెడు గింజలు తీసి నీళ్లలో రుద్దితే గరగర మనాలి. అలా అన్నాక కడిగి, ఎత్తుగా కట్టిన వల మంచాల మీద పలచగా పోసి, గంటగంటకీ తిరగేస్తూ ఎండబెడతారు. మంచు కురిసే డిసెంబరు రాత్రుల్లో మీద కప్పు కప్పకపోతే వారం కష్టం తడిసిపోతుంది. ఎండాక గింజ చుట్టూ పలచటి పొర మిగులుతుంది. దాన్ని పార్చ్‌మెంటు అంటారు. ఇంత శ్రమ పడకుండా పండును పండులాగే ఆరబెట్టి అమ్మేదాన్ని చెర్రీ అంటారు. పార్చ్‌మెంటుకు వచ్చే ధర దానికి రాదు.

లెక్క కూడా చెప్పుకోవాలి. ఇంచుమించు ఆరు కిలోల పండ్లకు కిలో పచ్చిగింజలు వస్తాయి. వేయిస్తే ఆ కిలోలో ఆరో వంతు దాకా ఆవిరైపోతుంది. కేఫ్‌లో ఒక కప్పుకు 15 గ్రాముల వేయించిన గింజలు వాడారనుకుంటే, దాని వెనక వంద గ్రాములకు పైగా పండ్లు ఉన్నట్టు. అవి ఒక్కొక్కటిగా చేత్తో ఏరినవి.

ఒకప్పుడు ఈ గింజ ఎక్కడ అమ్ముడయ్యేది? సంతలో. చేతిలో డబ్బు ఆడని వానాకాలంలో షావుకారు ఉప్పు, చీర, మందుల ఖర్చు అప్పుగా ఇచ్చేవాడు. పంట రాగానే అతను చెప్పిన ధరకు, అతని కాటాతో తూచి ఇచ్చెయ్యాలి. జీసీసీ ఏటా ధర ప్రకటించి కొనుగోలు చెయ్యడం, బ్యాంకు రుణాలు ఇప్పించడం ఈ పట్టును కొంత వదులు చేశాయి. రెండో మార్పు ఈ శతాబ్దం మొదట్లో నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ రాకతో వచ్చింది. 2007లో చిన్న, సన్నకారు గిరిజన రైతుల పరస్పర సహాయ సహకార సంఘం ఏర్పడింది. రైతు ఇంటి దగ్గర గింజ ఆరబెట్టే తిప్పలు లేకుండా, ఎర్రపండునే ఊళ్లోంచి కొని అరకులోని కేంద్రంలో శుద్ధి చెయ్యడం మొదలైంది. 2009లో ‘జెమ్స్ ఆఫ్ అరకు’ పేరుతో పోటీ పెట్టారు. దేశదేశాల రుచి నిపుణులు వచ్చి ఊరూరి కాఫీని తాగి మార్కులేస్తారు.

ఆ రుచి చూసే పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. వరసగా గ్లాసు గిన్నెలు. ఒక్కోదానిలో 150 మిల్లీలీటర్ల నీటికి 8.25 గ్రాముల పొడి చొప్పున వేస్తారు. మరిగి కాస్త తగ్గిన నీళ్లు, దాదాపు 93 డిగ్రీల వేడిలో, పోస్తారు. నాలుగు నిమిషాలు కదపరు. పైన పొడి తెట్టు కడుతుంది. చెంచాతో ఆ తెట్టును పగలగొట్టి ముక్కు దగ్గరగా పెట్టి వాసన పీలుస్తారు. చల్లారుతున్నకొద్దీ చెంచాడు చెంచాడు జుర్రుతారు, గట్టిగా, గదంతా వినబడేలా. నూటికి 80 దాటితేనే స్పెషాల్టీ కాఫీ. పాలు లేవు, పంచదార లేదు. దాచడానికి ఏమీ ఉండదు.

2017లో పారిస్‌లోని మారే ప్రాంతంలో, బ్రెతాన్ వీధిలో అరకు కాఫీ దుకాణం తెరుచుకుంది. ఆ వీధిలోనే 1615 నాటి ఆంఫాన్ రూజ్ మార్కెట్టు ఉంది. పారిస్‌లో కప్పున్న మార్కెట్లలో అన్నిటికంటే పాతది. నాలుగు వందల ఏళ్ల సంత పక్కన మన మన్యం పేరు బోర్డెక్కింది. మరుసటి ఏడు, 2018లో, పారిస్‌లోనే ప్రీ ఎపిక్యూర్ పోటీలో బంగారు పతకం. 2019 మార్చిలో ‘అరకు వ్యాలీ అరబికా’కు భౌగోళిక గుర్తింపు వచ్చింది. కూర్గు, చిక్కమగళూరు, బాబా బుడన్‌గిరి, వయనాడు కాఫీలకూ అప్పుడే దక్కింది. 2020లో అరకు సాగు నమూనాకు రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ఆహార బహుమతి వచ్చింది. 2021లో బెంగళూరు ఇందిరానగర్‌లో అరకు కేఫ్, 2025 మార్చిలో పార్లమెంటు ఆవరణలో అరకు కాఫీ స్టాళ్లు. పేరు ఇంత దూరం వెళ్లింది. పేరుతోపాటు ఇంకేం వెళ్లాలన్నదే ఇప్పటి ప్రశ్న.

కొండ మీద పొద్దుటి తిండి

కాఫీ పండించే ఇంట్లో పొద్దున తాగేది కాఫీ అనుకుంటే పొరపాటు. చాలా ఇళ్లలో అది అంబలి. ముందు రోజు రాత్రి చోడిపిండి నీళ్లలో కలిపి పక్కన పెడతారు. తెల్లారేసరికి చిరుపులుపు పట్టిన ఆ పిండిని ఉడుకుతున్న నూకల్లో పోసి, ఉండ కట్టకుండా గరిటె ఆడిస్తారు. ఉప్పు వేసి దింపి చల్లార్చుతారు. నంజుకోవడానికి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, ఉంటే కాల్చిన ఎండుచేప. ఇంట్లో తాగగా మిగిలింది ఆనపబుర్రలో పోసుకుని తోటకు పోతారు. ఎండిన ఆనపబుర్రలో అంబలి మధ్యాహ్నం దాకా చల్లగా ఉంటుంది. వాలు మీద ఎక్కుతూ దిగుతూ ఆరేడు గంటలు పళ్లు ఏరే ఒంటికి ఆకలినీ దాహాన్నీ ఒక్కసారే తీర్చేది ఇదే. వంద గ్రాముల చోళ్లలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. పాలు అంతగా అలవాటు లేని కొండ ఇళ్లలో ఎముకకు బలం చాలావరకు ఇక్కణ్నుంచే.

అన్ని నెలలూ ఒకేలా ఉండవు. వానాకాలంలో గాదె అడుగంటినప్పుడు మామిడి టెంకల్లోని జీడి తీసి, వగరు పోయేలా నీళ్లలో నానబెట్టి, దంచి అంబలి కాచుకున్న ఇళ్లు ఈ కనుమల్లో చాలా ఉన్నాయి. కాఫీ డబ్బు చేతికొచ్చేది సంక్రాంతి అటూ ఇటూ. జులై, ఆగస్టు నెలల్లో పొయ్యి మీద ఏముంటుందన్నది ఆ డబ్బు ఎంత వచ్చింది, ఎన్నాళ్లు నిలిచింది అన్నదాన్ని బట్టే. కాఫీ ధర గురించి మాట్లాడుకోవడమంటే ఈ పొయ్యి గురించి మాట్లాడుకోవడమే.

2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకున్నాక నగరం కేఫ్‌లలోకి చోళ్లు కూడా వచ్చాయి. రాగి దోసె, రాగి పాన్‌కేక్, సామల ఉప్మా. మంచి మార్పే. అయితే అంబలి అంబలిగానే రావాలి. పులిసిన చోడి అంబలి చిన్న ముంతలో, పక్కన ఉల్లి, మిరప. దాని తర్వాత పాలు పొయ్యని అరకు కాఫీ. అంబలి చల్లదనం మీద కాఫీ వేడి, పులుపు మీద పండు వాసన. విశాఖ కేఫ్‌లు ఈ జోడీని టిఫిన్ పట్టికలో పెడితే అది మరెవరూ పెట్టలేని పట్టిక అవుతుంది. చోళ్లు, సామలు పండించేదీ ఆ రైతే కాబట్టి రెండో పంటకూ ధర వస్తుంది.

అరకు ఊళ్లో పర్యాటకుల పొద్దు వేరే ఉంటుంది. విశాఖలో ఏడింటికి ముందే బయలుదేరే కిరండూల్ రైలు సొరంగాల్లోంచి కొండెక్కుతుంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని సముద్రానికి దించడానికి 1960ల్లో వేసిన దారి అది. కొత్తవలస, కిరండూల్ మధ్య 58 సొరంగాలున్నాయి. 2017 నుంచి అద్దాల పెట్టె కూడా తగిలించారు. బొర్రా స్టేషనులో ఉడకబెట్టిన వేరుశనగ, మిరపకాయ బజ్జీ. ఘాట్‌రోడ్డు మీద వచ్చేవాళ్లకు అనంతగిరి దగ్గర కాఫీ పొడి పొట్లాలు, కాఫీ చాక్లెట్లు. అరకులో దిగాక కాఫీ మ్యూజియం, పద్మాపురం తోట, గిరిజన మ్యూజియం. నవంబరు, డిసెంబరు అయితే వలిసె పూల పసుపు. ఇడ్లీ, పూరీ అన్ని చోట్లా దొరుకుతాయి. అంబలి కావాలంటే అడగాలి.

పొడి కొనేటప్పుడు పొట్లం వెనకవైపు చదవడం మంచిది. మన నిబంధనల ప్రకారం కాఫీలో చికోరీ 49 శాతం దాకా కలపొచ్చు. ఎంత కలిపారో రాసి తీరాలి. చికోరీ కాఫీ చెడ్డదని కాదు, ఆంధ్రా ఇళ్లలో డికాక్షను చిక్కదనం చాలామందికి దానివల్లే ఇష్టం. కానీ సగం చికోరీ ఉన్న పొట్లాన్ని అరకు పేరు చూసి కొంటే ఆ కొండ రుచి తెలియదు, ఆ రైతుకు దక్కేదీ సగమే.

తోట మీద ముప్పు

2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ తుపాను నగరాన్ని ఎంత దెబ్బతీసిందో అందరూ చూశారు. కొండ మీద అది సిల్వర్ ఓక్ చెట్లను మొదలంటా విరిచేసింది. విరిగిన మాను కాఫీ మొక్క మీదే పడింది. మిగిలిన మొక్కలకు నెత్తిన నీడ పోయింది. కాఫీ మొక్క కొత్తగా నాటితే కాపుకు మూడు నాలుగేళ్లు పడుతుంది. నీడ చెట్టు ఎదగడానికి అంతకంటే ఎక్కువ. నగరం కొన్ని నెలల్లో కోలుకుంది. తోట కోలుకోవడానికి ఏళ్లు పట్టింది.

2025 ఆగస్టులో ఇంకో దెబ్బ. అరకు మండలం చినలబుడు పంచాయతీ తోటల్లో కాఫీ కాయతొలిచే పురుగు కనిపించింది. బెర్రీ బోరర్ అంటారు. రెండు మిల్లీమీటర్లు కూడా ఉండని నల్లటి పెంకుపురుగు. కాయ కొసన సూదిమొనంత రంధ్రం చేసుకుని లోపలికి దూరి గింజలోనే గుడ్లు పెడుతుంది. బయటికి కాయ నిక్షేపంగా కనిపిస్తుంది. 1990లో నీలగిరుల్లోని గూడలూరులో మన దేశంలో మొదటిసారి బయటపడి దక్షిణాది కాఫీ జిల్లాలను పట్టి పీడించిన పురుగు ఇదే. అరకుకు అంతవరకూ దాని బెడద లేదు. పురుగు సోకిన తోటల్లో కాయలు మొత్తం కోసెయ్యాలి, మరిగే నీళ్లలో ముంచాలి, లోతుగా పూడ్చెయ్యాలి. అధికారులు అదే చేయించారు, పరిహారం ప్రకటించారు. ఎకరం తోటే ఆధారమైన ఇంటికి చేతికందబోయే పంటను తన చేత్తోనే కోసి గోతిలో వెయ్యడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. పురుగుమందులు లేని సాగు ఈ కాఫీకి పేరు తెచ్చింది కాబట్టి మందు కొట్టి ఊరుకునే దారి కూడా లేదు. రాలిన కాయ ఒక్కటీ నేల మీద మిగలకుండా ఏరాలి, ఉచ్చులు పెట్టాలి, సంచులు ఒక తోట నుంచి ఇంకో తోటకు మారకుండా చూసుకోవాలి. అంటే మరింత చేతిపని, మరిన్ని కూలి రోజులు. ఆ అదనపు ఖర్చు రైతు ఒక్కడి నెత్తిన పడకూడదు.

ఇక్కడే కేఫ్ పాత్ర మొదలవుతుంది. స్పెషాల్టీ కాఫీ అమ్మే కొన్ని రోస్టరీలు పొట్లం మీద తోట పేరు, ఎత్తు, శుద్ధి చేసిన పద్ధతి రాస్తున్నాయి. కర్ణాటక ఎస్టేట్ల విషయంలో అది మామూలైపోయింది. అరకు దగ్గరికొచ్చేసరికి ‘గిరిజన రైతులు’ అన్న ఒక్క మాటతో సరిపెడుతున్నారు. ఏ మండలం, ఏ ఊరు, ఏ సంఘం, జీసీసీ ద్వారా వచ్చిందా, సహకార సంఘం ద్వారా వచ్చిందా, కిలోకు రైతుకు ఎంత ముట్టింది? ఈ వివరాలు పట్టికలో కాఫీ పేరు కింద రాయడానికి రెండు వరసలు చాలు. బ్రిటిష్ కాలపు బొమ్మల పక్కన 1922 చింతపల్లి, 1970 చట్టం, 1997 తీర్పు, ఎర్రపండు ఏరుతున్న చెయ్యి కూడా గోడకెక్కితే పిల్లలతో వచ్చిన అమ్మానాన్నలకు టిఫిను వచ్చేలోపు చెప్పడానికి ఒక కథ దొరుకుతుంది.

తాగేవాళ్లూ అడగొచ్చు. బిల్లులో కాఫీ ధర చూశాక ఇందులో పాడేరుకు ఎంత వెళ్లిందని వెయిటర్‌ని అడిగితే మొదటిసారి జవాబు రాకపోవచ్చు. పదిమంది అడిగితే మేనేజరు వాకబు చేస్తాడు. వందమంది అడిగితే అది పట్టికలోకి ఎక్కుతుంది. కొత్త పంట గింజ శుద్ధయి, వేగి నగరానికి చేరేది వేసవి మొదట్లో. వచ్చే ఏడాది పట్టికలు అచ్చేసుకునే కేఫ్‌లకు ఆ వివరాలు సేకరించడానికి నవంబరులో మొదలయ్యే కోత కాలమే అదను. అప్పుడు రైతు తోటలోనే ఉంటాడు.